కాగితం లేని చేరిక: ఆరేళ్లు వాడాక

మా సంస్థలో కొత్త ఉద్యోగుల చేరికను పూర్తిగా ఆన్‌లైన్‌లోకి మార్చి ఈ నెలతో ఆరేళ్లు నిండాయి. అంతకుముందు తొమ్మిదేళ్లు అదే పనిని కాగితాల మీద చేశాను. హెచ్‌ఆర్ విభాగంలో రెండు పద్ధతులూ చేసి చూసినదాన్ని కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నామో చెప్పడం లేదు. మధ్యలో ఒకసారి మార్చాం కూడా. మార్చినా ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు పెద్దగా మారలేదు.

నా తీర్పు ముందే చెబుతాను: మారడం మంచిది, కచ్చితంగా మంచిది. కాగితం ఖర్చు తగ్గుతుందనీ, అల్మరాలు ఖాళీ అవుతాయనీ అందరూ చెబుతారు. అది నిజమే కానీ ఆ లెక్క ఒక్కటే చూసుకుంటే మార్పిడికి పడే శ్రమ గిట్టుబాటు కాదనిపించవచ్చు. అసలు లాభం కొత్తగా చేరే మనిషిది. మొదటి రోజు తనకు దక్కుతుంది. తన వివరాల్లో తప్పుంటే నష్టం జరగకముందే బయటపడుతుంది.

పాత రోజుల్లో ఉదయం వచ్చిన ఐదారుగురిని సమావేశ గదిలో కూర్చోబెట్టి తలా ఒక లావుపాటి ఫైలు, ఒక పెన్ను ఇచ్చేదాన్ని. అందులో 23 ఫారాలు ఉండేవి. ఒకసారి పనిగట్టుకుని లెక్కపెట్టాను: పేరు 19 చోట్ల, పుట్టిన తేదీ 8 చోట్ల, చిరునామా 6 చోట్ల రాయాలి. మధ్యాహ్నానికి చేతిరాత వంకరలు పోయేది. పాత ఉద్యోగం మానేసిన తేదీ, తల్లిదండ్రుల పుట్టిన తేదీలు, బ్యాంకు శాఖ సంకేతం లాంటివి ఎవరికీ నోటికి రావు కదా, ఒక్కొక్కరే గది బయటికి వచ్చి ఇంటికి ఫోన్లు చేసుకునేవారు. అదంతా అయ్యాక వాళ్లు రాసినదాన్ని నేను చూసి కంప్యూటర్‌లో మళ్లీ ఎక్కించేదాన్ని. ఒకే సమాచారం రెండు చేతులు మారితే ఎక్కడో ఒకచోట తప్పు పడక మానదు.

ఆ తప్పుల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలలేదు. ఒకమ్మాయికి ఒకటి అంకె పైన చిన్న కొక్కెం పెట్టి రాసే అలవాటు. ఆమె ఖాతా సంఖ్యలోని ఒకటిని నేను ఏడుగా చదివి ఎక్కించాను. నెలాఖరున జీతం వెనక్కి వచ్చేసింది. ఆ సంగతి మా లెక్కల విభాగానికి తెలియడానికి రెండు రోజులు, సరిచేసి మళ్లీ పంపడానికి మరో వారం పట్టింది. ఈలోగా ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, పక్కవాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి, "మేడమ్, ఈ నెల జీతాలు అందరికీ పడ్డాయా?" అని అడిగింది. తన కష్టార్జితం తాను అడగడానికి అంత మొహమాటపడింది. ఇంటి అద్దె గడువు దాటిపోయిందని నాకు తర్వాత తెలిసింది. తప్పు నాది, ఇబ్బంది ఆమెది.

ఇప్పుడు ఖాతా సంఖ్యను ఎవరిది వాళ్లే రెండుసార్లు కొట్టాలి. రెండూ కలవకపోతే ఫారం ముందుకు కదలదు. ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్య) పద్ధతి ఉన్న దేశాల్లో ఇంకా గట్టి ఏర్పాటు ఉంది. ఖాతా సంఖ్యలోనే రెండు తనిఖీ అంకెలు ఉంటాయి. 97తో భాగించే ఒక లెక్కతో సరిచూస్తారు కాబట్టి ఒక్క అంకె తప్పు పడినా దొరికిపోతుంది. ఆ దేశాల్లో చేరే మా ఉద్యోగుల ఫారంలో ఆ తనిఖీని పెట్టించాం. ఈ ఆరేళ్లలో అంకె తారుమారై జీతం ఆగిపోయిన మనిషి మా దగ్గర ఒక్కరూ లేరు. వేరే ఏ లాభమూ లేకపోయినా, ఈ ఒక్క కారణానికే నేను పాత పద్ధతికి తిరిగి వెళ్లను.

ఆఫర్ ఒప్పుకున్న రోజే లింకు వెళుతుంది. చేరే తేదీకి సాధారణంగా రెండు మూడు వారాల వ్యవధి ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక కొంత, సెలవు రోజున కొంత, తీరిక చూసుకుని నింపుతారు. దీనివల్ల జవాబుల తీరే మారిపోయింది. అన్నిటికంటే నామినీ ఎంపికలో ఆ తేడా కనిపించింది. తనకేమైనా అయితే బీమా డబ్బు ఎవరికి చేరాలి అన్నది సమావేశ గదిలో, పక్కవాళ్లు పేజీలు తిప్పుతున్న చప్పుడు మధ్య తేల్చుకునే విషయం కాదు. అప్పట్లో చాలామంది ఏదో ఒక పేరు గబగబా రాసి తర్వాతి పేజీకి వెళ్లేవారు. ఇప్పుడు ఇంట్లో మాట్లాడుకుని, వాటాలు కూడా ఆలోచించి రాస్తున్నారు. పెళ్లయ్యాక మార్చుకోవాలంటే మా చుట్టూ తిరగనక్కర్లేదు, లాగిన్ అయి వాళ్లే మార్చుకుంటారు.

ల్యాప్‌టాప్, లాగిన్, గుర్తింపు కార్డు, కూర్చునే చోటు వంటి ఏర్పాట్ల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. చేరే తేదీ ఖాయం కాగానే ఎవరి పని వాళ్ల తెరమీదికి వెళ్లిపోతుంది. ఒకే కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు ప్రయాణించి, సెలవులో ఉన్నవాళ్ల ట్రేలో ఇరుక్కుపోయే కథ ముగిసింది.

మారిన రెండో ఏడాది చూపు లేని ఒక ఇంజినీరు మా దగ్గర చేరారు. కాగితాల రోజుల్లో అయితే ఆయన పక్కన ఎవరో ఒకరు కూర్చుని ప్రశ్నలు పైకి చదివి, ఆయన చెప్పిన జవాబులు రాసేవారు. పాత జీతం, ఆరోగ్య సమస్యలు, కుటుంబ వివరాలు, అన్నీ ముక్కూమొహం తెలియని మనిషి ముందు పైకి చెప్పుకోవాలి. ఈసారి ఆ అవసరం లేదని నేను సంబరపడ్డాను. మరుసటి రోజు ఆయనే ఫోను చేశారు. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ప్రతి గడి దగ్గరా అది ఖాళీ గడి అని మాత్రమే చెబుతోందట, అక్కడ ఏం రాయాలో చెప్పడం లేదట. గడి పక్కన మన కంటికి కనబడే పేరును లోపల కోడ్‌లో ఆ గడికి ముడిపెట్టలేదు. మా నియమావళి కూడా స్కాన్ చేసిన బొమ్మల పీడీఎఫ్ కావడంతో అందులో చదివి వినిపించడానికి ఒక్క అక్షరమూ లేదు. వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్లకూ అందేలా చేయడానికి 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాల్లోనే ఇవన్నీ ఉన్నాయి. మేము కొనేటప్పుడు అడగలేదు, అమ్మినవాళ్లు చెప్పలేదు. పన్నెండు రోజులు వెంటపడి సరిచేయించాం. ఆ తర్వాత ఆయన ఎవరి సాయమూ లేకుండా గంటలోపు మొత్తం పూర్తిచేశారు. "నా ఉద్యోగం కాగితాలు నేనే నింపుకోవడం ఇదే మొదటిసారి" అన్నారు. కొనబోయేవాళ్లు మిగతా హంగులు చూసే ముందు స్క్రీన్ రీడర్‌తో ఫారం మొదటి నుంచి చివరిదాకా నింపించి చూడండి. ఆ పరీక్ష నెగ్గని దాన్ని తీసుకోవద్దు.

మా పై అధికారులను చివరిదాకా పట్టుకున్న భయం సంతకం గురించి. తెరమీద పెట్టిన సంతకం రేపు కోర్టులో నిలుస్తుందా అని అడిగేవారు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒక పత్రాన్ని చెల్లదని అనకూడదన్న సూత్రం ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట సంఘం 1996లో ఇచ్చిన నమూనా చట్టంలోనే ఉంది. అమెరికా ఈసైన్ చట్టం, భారత సమాచార సాంకేతిక చట్టం, రెండూ 2000వ సంవత్సరానివే. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన ఈఐడాస్ నిబంధనలు సంతకాలను స్థాయిలుగా విభజించి, అన్నిటికంటే పైస్థాయి సంతకానికి చేతిరాత సంతకంతో సమాన విలువ ఇచ్చాయి. అయితే చాలా దేశాల్లో కొన్ని రకాల పత్రాలకు మినహాయింపులు ఉన్నాయి కాబట్టి, ఏ ఫారానికి ఏ స్థాయి సంతకం సరిపోతుందో న్యాయ సలహాదారుతో ఒక్కొక్కటిగా చూపించుకున్నాం. ఒక ఫారం మాత్రం ఇప్పటికీ సిరా సంతకంతోనే తీసుకుంటున్నాం.

సంతకంతోపాటు వచ్చే ఆధారం ఎంత బలమైనదో మూడో ఏడాది ఒక వివాదంలో అర్థమైంది. ఒక ఉద్యోగి రాజీనామా చేశారు. నియమావళి ప్రకారం 60 రోజుల నోటీసు ఇవ్వాలని మేమన్నాం. తాను సంతకం చేసినప్పుడు 30 రోజులే అని ఆయన అన్నారు. కాగితాల రోజుల్లో అయితే మా ఫైలులో ఉన్నదే వేదం అయ్యేది. రికార్డు తెరిచాం. ఆయన ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ ప్రతి మీద సంతకం చేశారో అందులో ఉంది. సంతకం చేసిన క్షణంలో పత్రానికి ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో 64 అక్షరాల గుర్తు ఒకటి తయారవుతుంది. పత్రంలో ఒక్క కామా మారినా ఆ గుర్తు పూర్తిగా వేరుగా వస్తుంది. ఆయన సంతకం చేసింది 30 రోజుల ప్రతి మీదే. ఆ తర్వాత మేము నియమం మార్చాం, ఆయనతో కొత్త సంతకం తీసుకోలేదు. 30 రోజులకే ఆయనను పంపించాం. ఆ రోజు రికార్డు సంస్థ పక్షాన కాకుండా నిజం పక్షాన నిలబడినందుకు ఈ పద్ధతి మీద నాకు గౌరవం పెరిగింది.

గోప్యత విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. గుర్తింపు పత్రాలను ఫోనుతో ఫొటో తీయించి మెయిల్‌లో తెప్పించుకుని, దానికే కాగితరహితం అని పేరు పెట్టుకునే చోట్లు ఉన్నాయి. మేమూ మొదటి ఆరు నెలలు అదే పొరపాటు చేశాం. కాగితమైతే తాళం వేసిన ఒక అల్మరాలో ఉంటుంది. మెయిల్‌లో వచ్చిన నకలు ఎవరెవరి దగ్గరికి వెళ్లిందో, ఎన్ని ఫోన్లలో దిగిందో లెక్క తేలదు. ఆ పద్ధతి కాగితం కంటే ప్రమాదకరం. ఇప్పుడు పత్రాలు నేరుగా పోర్టల్‌లోకే వెళతాయి. బ్యాంకు వివరాలు లెక్కల విభాగానికి, ఆరోగ్య వివరాలు బీమా చూసేవారికి మాత్రమే కనబడతాయి. ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో నమోదవుతుంది. ఆఫర్ తీసుకుని చేరని వాళ్ల పత్రాలు గడువు దాటగానే చెరిగిపోయేలా పెట్టాం. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా అవసరం తీరిన వివరాలను ఉంచుకోవద్దనే చెబుతుంది. చట్టం ఉన్నా లేకపోయినా, మన దగ్గర చేరని మనిషి ధ్రువపత్రాలు మన దగ్గర ఎందుకు ఉండాలి?

ఇక ఇబ్బందులు. చదవకుండా సంతకం చేయడం పెరిగింది, ఇది నన్ను బాధపెట్టే విషయం. 40 పేజీల నియమావళి చివరికి ఒక్క వేలితో వెళ్లిపోయి, నొక్కేస్తున్నారు. కాగితం మీద కూడా అందరూ చదివేవారు కాదు, కానీ పేజీలైనా తిప్పేవారు. ఇప్పుడు నోటీసు గడువు, ప్రొబేషన్, సెలవులు, పని గంటలు అనే నాలుగు ముఖ్య విషయాలను మామూలు మాటల్లో ఒక పేజీగా రాసి ముందు పెట్టాం. చదివినవాళ్లు తిరిగి ప్రశ్నలు అడుగుతున్నారు, అదే నాకు కొలమానం.

మొదట కొన్న సాఫ్ట్‌వేర్‌లో 20 నిమిషాలు కదలిక లేకపోతే లాగౌట్ అయి రాసిందంతా పోయేది. అది పెద్ద శిక్ష. సగంలో భద్రపరచుకునే వీలు లేనిదాన్ని దగ్గరికి రానివ్వకండి. ఫొటోల సంగతీ అంతే. దీపం కింద తీసిన పత్రం మీద చేతి నీడ పడుతుంది, ఒక మూల తెగుతుంది. పత్రం చెల్లదు అని ఎర్ర అక్షరాలతో తిరస్కరిస్తే, తన డిగ్రీకే ఏదో అయిందని కంగారుపడినవాళ్లు ఉన్నారు. "కుడివైపు కింది మూల కనబడటం లేదు, మళ్లీ తీయండి" అని మార్పించాక ఆ ఫోన్లు ఆగిపోయాయి.

గుర్తుచేసే సందేశాల విషయంలో మేము అతి చేశాం. మూడు రోజులకొకటి దానంతట అదే వెళ్లేది. ఒకతను చేరిన మొదటి రోజే, "ఇంకా చేరకముందే మీకు బాకీపడినట్టు అనిపించిందండీ" అన్నాడు. ఆ సాయంత్రమే ఒక్క సందేశం మాత్రం ఉంచి మిగతావి తీసేశాను. దానికీ జవాబు రాకపోతే నేనే ఫోను చేస్తాను. ఆలస్యానికి కారణాలు చాలావరకు మామూలువే: పాత సంస్థ ఇంకా ధ్రువపత్రం ఇవ్వలేదు, ఇంట్లో ఎవరికో బాగాలేదు, ఒక ప్రశ్న అర్థం కాలేదు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ రెండు నిమిషాల మాట వల్ల, చేరే రోజున ఆఫీసులో వాళ్లకు తెలిసిన గొంతు ఒకటైనా ఉంటుంది.

మారదలచుకున్నవాళ్లకు ఒక్క మాట. సాఫ్ట్‌వేర్ కొనకముందు ఫారాలు తగ్గించండి. మేము ఆ 23 ఫారాలనూ ఉన్నవి ఉన్నట్టే తెరమీదికి ఎక్కించి, పేరు 19 సార్లు కొట్టించే పని ఒక ఏడాది పాటు చేశాం. తర్వాత ప్రతి ఫారాన్నీ ముందు పెట్టుకుని, ఇది ఎవరికి కావాలి, ఎప్పుడు తెరిచి చూశారు అని అడిగాం. ఏడింటికి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. కలిపేవి కలపగా ఇప్పుడు తొమ్మిది మిగిలాయి. పేరు ఒక్కసారే రాస్తారు, మిగతా చోట్లకు అదే వెళుతుంది.

ఆ పేరు దగ్గరే ఇంకా ఒక చిక్కు ఉంది. ఫారం మొదటి పేరు, ఇంటిపేరు అని రెండు గడులు అడుగుతుంది, రెండూ తప్పనిసరి. ఒకే పేరున్న మనుషులు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లు రెండో గడిలో చుక్క పెడతారు, లేదా అదే పేరు మళ్లీ రాస్తారు. అది బ్యాంకు ఖాతాలోని పేరుతో కలవదు. ఒకే గడిగా మార్చమని రెండేళ్లుగా అడుగుతున్నాను, వచ్చే విడుదలలో చేస్తామని ఈమధ్యే చెప్పారు. అంతవరకు ఒకే పేరున్నవాళ్లకు లింకు పంపే ముందే ఫోను చేసి, ఆ గడిలో ఏం రాయాలో చెబుతున్నాను.