సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు థెరపీ: కేంద్రంలోనా, ఇంట్లోనా?

ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు, భంగిమ అదుపు తప్పే స్థితే సెరిబ్రల్ పాల్సీ. పునరావాస కేంద్రంలో ఫిజియోథెరపిస్టు, రోజువారీ పనులు సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ఒకేచోట ఉంటారు. కండరాల బిగుతును చేత్తో పరీక్షించి, కాలికి తొడిగిన స్ప్లింటు ఎక్కడైనా ఒరుసుకుంటోందేమో అక్కడికక్కడే చూస్తారు. అయితే గంట థెరపీ కోసం, మెడ నిలపలేని బిడ్డను ఎత్తుకొని బస్సులు మారి వెళ్లే తల్లికి ఆ రోజంతా, ఆ రోజు సంపాదనతో సహా, పోతుంది. మధ్యలో మానేసినవారిని నిర్లక్ష్యపరులనడం అన్యాయం.

అందుకే రోజువారీ సాధనకు ఇల్లే మేలని నా అభిప్రాయం. పాదాలు నేలకు ఆనేలా పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసిన చెంచాను చేతికిచ్చి, అది నోటిదాకా తనే తెచ్చుకొనే వరకు ఓపిక పడితే, ప్రతి పూట భోజనమూ సాధనే అవుతుంది. అవసరమైన పనినే పదేపదే చేయడం వల్ల నైపుణ్యం కుదురుతుంది. కాకపోతే లక్ష్యాన్ని కుటుంబంతో కలిసి నిర్ణయించి, థెరపిస్టు తరచూ గమనిస్తూ మార్పులు చెప్పాలి. వ్యాయామాల కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపేస్తే దాన్ని సేవ అనలేము.

తుంటి కీలు పక్కకు జరగడం మాత్రం ఇంట్లో కనిపెట్టలేనిది. పిల్లలు ఎంతవరకు కదలగలరో చెప్పే స్థూల చలన వర్గీకరణలోని 5 స్థాయుల్లో, సొంతంగా కదలడం బాగా కష్టమైన 4, 5 స్థాయుల పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ కనుక, నొప్పి లేకపోయినా క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీయించడానికి కేంద్రానికి వెళ్లక తప్పదు.