ఉమ్మితో కార్టిసాల్ పరీక్ష: కిట్ మంచిదే, సూచనల కాగితం మార్చాలి

నేను పరుగులో కోచింగ్ ఇస్తుంటాను. ఎవరు ఎంత వేగంగా పరిగెత్తారో స్టాప్‌వాచ్ చెబుతుంది, ఆ శ్రమకి ఒళ్లు ఎలా స్పందించిందో చెప్పదు. అందుకే ఒత్తిడికీ శ్రమకీ ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్‌ని కొలవడానికి, లాలాజలం తీసి ల్యాబ్‌కి పంపే కిట్ తెప్పించి, ముందు నా మీదే వాడి చూశాను.

సూది లేకపోవడమే ఇందులో పెద్ద మేలు. సూదంటే భయపడేవాళ్లకి ఆ గుచ్చడంతోనే కార్టిసాల్ పెరగొచ్చు. పైగా రక్తంలో ఈ హార్మోన్ 90 శాతానికి పైగా ప్రోటీన్లను పట్టుకుని ఉంటుంది. ఉమ్మిలోకి దిగేది విడిగా ఉన్న కాస్తే, ఒంట్లో పనిచేసేదీ అదే.

గట్టిగా పరిగెత్తాక నోరు పిడచకట్టుకుపోతుంది. దూది చుట్ట నోట్లో పెట్టుకుంటే ముందు బుగ్గకి అతుక్కుపోతుంది, మెల్లగా నములుతూ ఉంటేనే తడి ఊరుతుంది. అప్పుడే నీళ్లు తాగి నమూనా ఇస్తే పలచబడిపోతుంది, కాసేపు ఆగాలి. ట్యూబు మీద టైమ్ పెన్సిల్‌తో రాయండి. చెమట చేతికి పెన్ను సిరా అలుక్కుపోతోంది.

నాకు మింగుడుపడనిది సూచనల కాగితం. వ్యాయామం ముగియగానే ఒకే ఒక్క నమూనా తీయమంటుంది. అడ్రినలిన్ అయితే క్షణాల్లో ఎగుస్తుంది. కార్టిసాల్ అలా కాదు. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి రక్తం ద్వారా అడ్రినల్ గ్రంథులకి కబురు అందాలి. ఉమ్మిలో దాని గరిష్ఠ స్థాయి సాధారణంగా శ్రమ ఆగాక 20, 30 నిమిషాలకి కనిపిస్తుంది. అంటే వాళ్లు చెప్పినట్టే చేస్తే మనం వెతుకుతున్నదే చేజారిపోతుంది.

రిపోర్టుదీ అదే తంతు. నిద్ర లేచిన 30–45 నిమిషాలకి కార్టిసాల్ బాగా ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. నా సాయంత్రం నమూనాని ఉదయపు కొలతలతో పోల్చి 'నార్మల్' అని రాసి పంపారు! సాయంత్రం ఉండాల్సినదానికి రెట్టింపున్నా ఆ లెక్కలో నార్మలే అవుతుంది.

అడిగితే అదనపు ట్యూబులు పంపారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. పరుగుకి ముందు ఒకటి, ఆపాక అరగంటకి ఒకటి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే కిట్ విలువ తెలిసింది. తేలికపాటి జాగింగ్‌కి అంకె కదల్లేదు, ఇంటర్వెల్స్ (మధ్యమధ్యలో తెరిపి ఇస్తూ గట్టిగా పరిగెత్తడం) చేసిన రోజు స్పష్టంగా లేచింది. మామూలుగా శరీరపు గరిష్ఠ ఆక్సిజన్ సామర్థ్యంలో 60 శాతం దాటిన శ్రమకే కార్టిసాల్ పెరుగుతుంది కాబట్టి ఈ ఫలితం నమ్మదగ్గదే.

చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, స్టెరాయిడ్ మందులో ఇన్‌హేలరో వాడుతున్నా అంకె తప్పుగా రావచ్చు. అలాంటివాళ్లు కొనేముందు డాక్టర్‌ని అడగండి. మందు మాత్రం ఈ పరీక్ష కోసం సొంతంగా ఆపొద్దు.