టేకా, పనసా? పాత బీరువాల మీద పది రెట్ల భూతద్దం: చాలాకాలం వాడాక సమీక్ష

విశాఖ వన్‌టౌన్ పాత ఇళ్ళలో ఏ బీరువా గురించి అడిగినా ఒకటే జవాబు: "టేకండీ, అదీ బర్మా టేకు." రంగూన్‌కి ఇక్కణ్ణుంచి ఓడలు నడిచిన ఊరు కాబట్టి ఆ మాటను కొట్టిపారెయ్యలేం. అలాగని నమ్మి డబ్బూ పెట్టలేం. తలుపు చట్రం టేకు, మధ్య పలకలు పనస, లోపలి అరలు మామిడి, వెనక చెక్క మరొకటి. పాత బీరువాల్లో ఇలాంటి కలగాపులగం చాలా మామూలు. ఏ ముక్క ఏ కర్రో తేల్చడానికి అయిదు వందల లోపు దొరికే 10 ఎక్స్ మడత భూతద్దం, ఒక కట్టర్ బ్లేడు, వంటింటి డిజిటల్ కాటా చాలు. వీటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు భూతద్దం. నగల పనివాళ్ళు వాడేదే. మూడు గాజులు అతికించి చేసినది, 18 నుంచి 21 మి.మీ. వ్యాసం ఉన్నది తీసుకోవాలి. ఒంటి గాజు లెన్సులో అంచుల దగ్గర రంగు చారలు వస్తాయి, అక్కడ సన్న గీతలు మసకబారతాయి. 30 ఎక్స్, 40 ఎక్స్ అని చెక్కిన చవక లెన్సుల అంకె నమ్మకండి. పరీక్ష సులువు: 250ని ఆ అంకెతో భాగిస్తే వచ్చినన్ని మిల్లీమీటర్ల దూరంలో బొమ్మ స్పష్టంగా కనబడాలి. 10 ఎక్స్ అయితే 25 మి.మీ., నిజమైన 30 ఎక్స్ అయితే 8 మి.మీ. ముప్పై అని రాసి ఉండి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా కనబడితే అది పదే. నిజమైన ముప్పై దొరికినా ఈ పనికి దండగ. చూపు పడే జాగా చిన్నదైపోయి, చెక్కలో ఉండే సన్నటి రంధ్రాలు విడివిడిగా కనబడతాయే గాని వాటి అమరిక కనబడదు. కర్రను పట్టిచ్చేది ఆ అమరికే.

లైటు ఉన్న మోడల్‌కి అదనంగా డబ్బు పెట్టొద్దు. ఎదురుగా పడే వెలుగులో చెక్క చదునుగా కనిపిస్తుంది, బటన్ సెల్స్ కూడా త్వరగా చస్తాయి. కిటికీ పక్కన నిలబడి వెలుగు వాలుగా పడేలా పట్టుకుంటే అంతకన్నా బాగా కనబడుతుంది. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో లెన్సుకి రెండు జబ్బులు: మడత దగ్గరి ఇనప రివెట్ తుప్పు పట్టి బిగుసుకుపోవడం, గాజు మధ్య బూజు అల్లుకోవడం. రివెట్‌కి నెలకోసారి కుట్టుమిషను నూనె ఒక చుక్క. లెన్సును తోలు సంచిలో కాకుండా, రెండు సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో ఉంచాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, బూజుకి కావలసింది అదే.

ఫలితం మాత్రం సగానికి పైగా బ్లేడు చేతిలో ఉంది. భూతద్దం కొని "ఏమీ కనబడట్లేదు" అనేవాళ్ళందరూ దాదాపుగా పలక ముఖాన్నే, అంటే పైకి కనబడే వైపునే చూస్తుంటారు. చూడాల్సింది అడ్డకోతను, అంటే కాండాన్ని అడ్డంగా కోసినప్పుడు కనిపించే ముఖాన్ని. బీరువాకి నష్టం లేకుండా అది దొరికే చోట్లు: కాలి అడుగు, సొరుగు పక్క పలక వెనక చివర, అర చివర, చట్రంలో కుసి (అతుకు కోసం బెజ్జంలో దూర్చిన చెక్క చివర) బయటికి పొడుచుకొచ్చిన చోటు. అక్కడ 5, 6 మి.మీ. చదరం జాగా మీద ఒక నీటి చుక్క వేసి నిమిషం ఆగండి. కొత్త బ్లేడుతో, బాగా వాల్చి, ఏటవాలుగా లాగుతూ పలచటి పొర తియ్యండి. నేరుగా నొక్కితే రంధ్రాల గోడలు నలిగిపోతాయి. శాండ్ పేపర్ జోలికి అసలు పోకండి, ఆ పొడి రంధ్రాల్లోకి దూరి అమరిక మొత్తాన్ని మూసేస్తుంది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి రెండు మూడు కోతలకే బ్లేడు మొద్దుబారుతుంది. అంచు విరిచి కొత్తది తీసుకోండి, పిసినారితనం ఇక్కడ పనికిరాదు. లెన్సు కంటికి ఆనించి, తలను చెక్క దగ్గరికి తీసుకెళ్ళాలి. లెన్సును చెక్క మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఉపయోగం లేదు.

ఇక అసలు తగాదా, టేకా పనసా అన్నది. ఉత్తరాంధ్ర బీరువాల్లో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. రెండూ పసుపు కలిసిన గోధుమ రంగే, రెండూ వయసుతో ముదురుతాయి, టేకు రంగు పాలిష్ పడ్డాక ముఖం చూసి చెప్పడం వడ్రంగులకే కష్టం. అడ్డకోతలో మాత్రం పోలికే లేదు. టేకులో ప్రతి వలయం (చెట్టు ఏటా పెరిగిన గుర్తు) మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా, మామూలు కంటికే గీతలా కనబడతాయి. ఆ వరసను అంటిపెట్టుకుని లేతరంగు పట్టీ ఉంటుంది. వలయంలో ముందుకు పోయేకొద్దీ రంధ్రాలు చిన్నవై, పలచబడతాయి. కొన్నిటిలో తెల్లటి లేదా పసుపు పొడి, కొన్నిటిలో మెరిసే పొరలు ఉంటాయి. కోసిన చోట వేలు పెడితే జిడ్డుగా తగులుతుంది. పనసలో వలయాలు స్పష్టంగా ఉండవు. రంధ్రాలు పెద్దవే గాని ముఖమంతా దాదాపు ఒకే సైజులో చెదురుగా ఉంటాయి, ప్రతి రంధ్రం చుట్టూ లేతరంగు కణజాలం, తరచు రెండు పక్కలా రెక్కలు చాచినట్టు. తాజా పొర పసుపు ముదిరి ఉంటుంది. బౌద్ధ భిక్షువుల కాషాయానికి రంగు తీసింది ఈ కర్ర నుంచే మరి. పనస తక్కువ కర్రేం కాదు. బొబ్బిలి వీణ తయారయ్యేది దీంతోనే. పేచీ కర్రతో కాదు, పనసకి టేకు ధర కట్టడంతో.

ఒకచోట టేకు కూడా తికమక పెడుతుంది. చాలా నెమ్మదిగా పెరిగిన చెట్టులో వలయాలు ఇరుకై పెద్ద రంధ్రాల వరసలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. అప్పుడు ముఖమంతా రంధ్రాలే అన్నట్టుంటుంది. అలాంటప్పుడు ఒక్క కోతతో తేల్చెయ్యకుండా, అదే పలకలో వలయాలు వెడల్పుగా ఉన్న చోటు వెతికి మళ్ళీ కొయ్యాలి.

బరువైన కర్రల్లో భూతద్దం ఇంకా బాగా రాణిస్తుంది. సాల, మన గుగ్గిలం చెట్టు, అడ్డకోతలో సన్నటి తెల్ల గీతలు వలయాలకు సమాంతరంగా చూపిస్తుంది. అవి బంక నాళాల వరసలు, కనబడ్డాయంటే దాదాపు తేలినట్టే. నల్లమద్దిలో ఆ గీతలుండవు. రంధ్రాల చుట్టూ లేత అంచు, కిరణాలు (కాండం నడిమి నుంచి బెరడు వైపు పోయే గీతలు) మామూలు కంటికి అందనంత సన్నం, పలక ముఖం మీద ముదురు చారలు. వేగిసకి భూతద్దం కన్నా గాజు గ్లాసు మేలు. చేవ భాగం (కాండం లోపలి ముదురు కర్ర) నుంచి చెంచాడు పొట్టు తీసి నీళ్ళలో వేసి గంట ఆగి, ఎండలో నల్లటి గుడ్డ ముందు పట్టుకుంటే గోధుమ రంగు నీళ్ళ మీద నీలి ఛాయ తేలుతుంది. చక్కెర జబ్బుకని అమ్మే చెక్క గ్లాసులు ఈ కర్రవే. ఆ నీళ్ళు వైద్యానికి పనికొస్తాయా అన్నది వేరే సంగతి, కర్ర గుర్తింపుకి మాత్రం భేషుగ్గా పనికొస్తాయి. తెల్ల భాగం పొట్టుతో ఈ పరీక్ష చేస్తే ఏమీ రాదు, అప్పుడు వేగిస కాదనుకుని పొరబడతారు.

జిట్రేగి, అదే రోజ్‌వుడ్, పేరు మీద అమ్మేవాటిలో రంగు పూసినవి ఎక్కువ. పొర తీశాక లోపల ఊదా కలిసిన గోధుమ రంగు, నల్ల చారలు చెక్క లోతంతా ఉండాలి. రంగు అర మిల్లీమీటరు దాటి లోపలికి లేకపోతే అది పాలిషే. అసలైన జిట్రేగిలో, పలక ముఖాన్ని తడిపి లెన్సుతో చూస్తే, చెక్క పొడుగుకి అడ్డంగా అతి సన్నటి గీతల వరసలు అలల్లా కనబడతాయి. ఇవి వేగిసలోనూ ఉంటాయి కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

మిగతావి క్లుప్తంగా. వేపలో ఎర్రటి రంగు, రంధ్రాల్లో ఎర్రబంక. మహాగనితో పోల్చాల్సి వస్తే 10 ఎక్స్ మీద నాకు పూర్తి నమ్మకం లేదు, రెండూ ఒకే కుటుంబం. మామిడి బూడిద ఛాయలో ఉంటుంది, వెనక పలకల్లో పుచ్చుతో పాటు దొరుకుతుంది. రంధ్రాలే కనబడకపోతే అది పైన్ జాతి కర్ర. హార్బరున్న ఊరు కాబట్టి ప్యాకింగ్ పెట్టెల చెక్క వెనక పలకల్లో తగులుతూనే ఉంటుంది. ముఖం మీద టేకు గీతలుండి అంచున పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్, ఇంక భూతద్దం డబ్బాలో పెట్టెయ్యొచ్చు.

కాటా వాడకం: సొరుగు పలక గాని అర గాని విడిగా ఊడొచ్చినప్పుడే. పిడులు, మరమేకులు తీసేసి తూచండి. 40 సెం.మీ. పొడుగు, 15 వెడల్పు, 1.2 మందం ఉంటే 720 ఘనపు సెంటీమీటర్లు. కాటా 470 గ్రాములు చూపిస్తే సాంద్రత, అంటే ఘనపు సెంటీమీటరుకి గ్రాముల బరువు, 0.65. టేకు 0.60 నుంచి 0.70 మధ్య ఉంటుంది. పనస కూడా ఆ దరిదాపుల్లోనే తిరుగుతుంది కాబట్టి ఆ ఇద్దరి తగువు కాటా తీర్చలేదు. 0.80 దాటితే మాత్రం టేకు కాదని ఖాయంగా చెప్పొచ్చు: సాల, నల్లమద్ది, వేగిస, జిట్రేగిల్లో వెతుక్కోవాలి. మందం కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే పై లెక్కలో ఎనిమిది శాతం తేడా వస్తుంది, అందుకని టేపు కాకుండా వెర్నియర్ (మందాన్ని కచ్చితంగా కొలిచే పరికరం) వాడండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంట్లో ఉన్న చెక్కలోనూ సుమారు 14, 15 శాతం తేమ ఉంటుంది. పుస్తకాల్లోని అంకెలు ఎక్కువగా 12 శాతానికి లెక్కగట్టినవి. కొద్దిగా బరువు తూగితే కంగారు పడక్కర్లేదు. హుద్‌హుద్ లాంటి తుపానులో తడిసిన బీరువా అయితే పూర్తిగా ఆరాకే తూచాలి.

మామూలుగా జనం నమ్మే గుర్తుల్లో చాలా వాటికి మార్కులు వెయ్యలేను. రంగు: పొగపట్టిన వంటింటి గూటి తలుపు ఏ కర్రదైనా నల్లగానే ఉంటుంది. వాసన: తాజా పొరలో టేకుకి తోలు వాసన ఉంటుంది నిజమే, కానీ ఏళ్ళ తరబడి కర్పూరం ఉండలు పెట్టిన బీరువాలో ఏ వాసనా తెలీదు. మేకుల చుట్టూ నలుపు: తుప్పూ చెక్కలోని వగరూ కలిస్తే వచ్చే మచ్చ అది, ఉప్పుగాలిలో చాలా కర్రలకు వస్తుంది. పుచ్చు కాస్త నయం. ఒకటి రెండు మి.మీ. బెజ్జాల్లోంచి గోధుమపిండంత మెత్తటి పొడి రాలుతుంటే అది టేకు చేవ కాదు. చేవ లేని తెల్ల భాగం టేకుదైనా పుచ్చుతుంది, అది మాత్రం గుర్తుంచుకోవాలి.

అతినీలలోహిత (యూవీ) టార్చి తప్పనిసరేం కాదు. కొంటే 365 నానోమీటర్లది కొనండి. 395ది చవక, కానీ దాని ఊదా వెలుగులోనే అంతా మునిగిపోతుంది. వేగిస నీళ్ళ ఛాయ దీనితో స్పష్టంగా తెలుస్తుంది. లక్కతో చేసిన పాత ఫ్రెంచ్ పాలిష్ నారింజ రంగులో వెలుగుతుంది, తర్వాత అతికిన ముక్కలూ కొత్త వార్నిష్ పడ్డ చోట్లూ వేరుగా కనిపిస్తాయి. చూసి పేరు చెప్పేస్తామనే ఫోన్ యాప్‌లు ముఖం రంగు చూసి ఊహిస్తాయి, వాటితో నాకు ఉపయోగం కనబడలేదు. ఫోనుకి తగిలించే మాక్రో లెన్సు మాత్రం బాగుంది. కోత పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి దాచుకుంటే, ఒకే బీరువాలోని నాలుగైదు భాగాలు పక్కపక్కన పోల్చుకోవచ్చు. చట్రం, మధ్య పలక, పక్క చెక్క, అర, వెనక చెక్క: ప్రతిదానికీ ఒక కోత. తలుపు ఒక్కటి చూసి బీరువా మొత్తానికి పేరు పెట్టకూడదు.

బర్మా టేకా, గోదావరి టేకా అన్న ప్రశ్నకి ఈ సరంజామాలో ఏదీ జవాబు చెప్పదు. రెండూ ఒకే జాతి చెట్టు, కణాల అమరికా ఒకటే. ఇరుకు వలయాలు నెమ్మదిగా పెరిగిన చెట్టని చెబుతాయి, ఏ దేశపు అడవో చెప్పవు. వలయాలు లెక్కపెట్టి "ఇది బర్మా" అని ధర పెంచేవాళ్ళకి ఆ పెంపు ఇవ్వనక్కర్లేదు. ఎక్కువ డబ్బు ముడిపడి, జాతి విషయంలోనే సందేహం మిగిలితే డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ గాని బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ గాని రుసుము తీసుకుని కర్ర గుర్తిస్తాయి. నమూనా ఎంత సైజు కావాలో ముందే కనుక్కోండి. ముక్క చేవ భాగంలోంచి, పుచ్చు లేని చోట, అడ్డకోత ముఖం చెడకుండా తీసి, ఏ భాగం నుంచి తీశారో దాని మీదే పెన్సిల్‌తో రాయండి.