ఎండోమెట్రియోసిస్: మాత్రలు మేలా, ఆపరేషన్ మేలా?

నెల్లూరు నుంచి పొద్దుటి రైలుకు వచ్చిన ఒక తల్లి, ఇక్కడే ఓఎంఆర్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే ఇరవయ్యారేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని చెన్నైలోని నా ఓపీకి వచ్చి, పట్టుచీరల దుకాణం సంచిలోంచి రెండు చీటీలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒకదానిలో డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర, 2 మిల్లీగ్రాములది, రోజుకు ఒకటి అని ఉంది. రెండోదానిలో లాప్రోస్కోపీ, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్, అని రాసి కింద రెండు గీతలు గీశారు. "ఒకే స్కాన్ చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే మేము ఎవరి మాట వినాలి మేడమ్, ఏది మేలో మీరే తేల్చండి" అని ఆమె అడిగిన తీరులో కోపం కంటే అలసటే ఎక్కువగా వినిపించింది. నా ఉద్దేశంలో ఆ ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఒకరు అమ్మాయి నొప్పికి జవాబిచ్చారు, మరొకరు స్కాన్‌లో కనబడిన గడ్డకు జవాబిచ్చారు.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం ఆ సంచి బయట, అంటే అండాశయాల మీదా, పొత్తికడుపు లోపలి పొర మీదా, గర్భసంచికీ పేగుకూ నడుమ ఉన్న సందులోనూ పెరగడమే ఎండోమెట్రియోసిస్. నెలనెలా హార్మోన్ల ప్రభావంతో అక్కడ కూడా వాపూ రక్తస్రావమూ కలుగుతాయి. ఆ రక్తానికి బయటికి దారి లేదు గనుక అండాశయంలో చిక్కటి గోధుమరంగు ద్రవంగా నిలిచి చాక్లెట్ సిస్ట్ అవుతుంది, చుట్టుపక్కల అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సంతానం కనే వయసు స్త్రీలలో సుమారు పదిశాతం మందికి ఈ జబ్బు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా, దానికి పేరు పెట్టేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. బయట చేరినప్పుడు కడుపునొప్పి ఎవరికి రాదు, మేమంతా పడలేదా అనే ఇంటిమాట ఆ ఆలస్యానికి పెద్ద కారణం.

ఒకప్పుడు కడుపులోకి కెమెరా పంపి, ముక్క తీసి పరీక్షిస్తే తప్ప ఈ జబ్బు ఉన్నట్టు రాయకూడదనేవారు. 2022లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ హ్యూమన్ రిప్రొడక్షన్ అండ్ ఎంబ్రియాలజీ వెలువరించిన మార్గదర్శకాలు ఆ పట్టు సడలించాయి. స్కానింగులలో ఏమీ కనబడనప్పుడు గానీ, మందులతో గుణం రానప్పుడు, లేదా మందులు తగనప్పుడు గానీ నిర్ధారణ కోసం లాప్రోస్కోపీ చేస్తే చాలు. అయితే స్కాన్ చాక్లెట్ సిస్టును చక్కగా చూపుతుంది గానీ పొత్తికడుపు పొర మీద ఈ కణజాలం కట్టిన చిన్న మచ్చలను చూపలేదు కనుక, రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన అమ్మాయి నొప్పి అబద్ధమైపోదు. పెళ్ళికాని పిల్లలకు యోని ద్వారా చేసే స్కాన్‌కు ఇంటివాళ్ళు సాధారణంగా ఒప్పుకోరు, పొట్ట మీద నుంచి చేస్తే లోతు మచ్చలు సరిగా తెలియవు. అక్కడ ఎంఆర్‌ఐకి పెట్టే ఖర్చు వృథా కాదు. సీఏ-125 రక్తపరీక్ష ఈ జబ్బును తేల్చదు. అది కాస్త పెరిగిందని క్యాన్సర్ భయంతో రాత్రంతా నిద్రపోని కుటుంబాలను చూసినదాన్ని గనుక, నిర్ధారణ కోసం నేను దాన్ని రాయను.

ఇక మాత్రల సంగతి. డైనోజెస్ట్ నొప్పిని బాగా తగ్గిస్తుంది, సిస్టును కొంత కుదించవచ్చు, కానీ మాయం చేయదు. మానేస్తే నొప్పి తిరిగి రావచ్చు. మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా రక్తపు చుక్కలు కనబడడం, కొందరికి మనసు దిగులుగా ఉండడం, బరువు పెరగడం ఉంటాయి. తల్లుల భయం మాత్రం వేరు: నెలసరి ఆగితే చెడురక్తం లోపల పేరుకుంటుందని. మాత్ర వల్ల లోపలి పొరే పలచబడుతుంది కనుక పేరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు, ఆపాక నెలసరి మళ్ళీ వస్తుంది. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్, నెలకొకసారి ఇచ్చే ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ కూడా ఉన్నాయి గానీ, ఎముకలను పలచబరిచే ఆ ఇంజెక్షన్‌ను నేను మొదటి మెట్టుగా వాడను.

ఆపరేషన్ బలం ఆపరేషన్‌కు ఉంది. అతుకులు విడదీసి, మచ్చలను కూకటివేళ్ళతో సహా తీసిన చోట, మాత్రలకు లొంగని నొప్పి కూడా తగ్గుతుంది. కానీ సిస్టు గోడను ఒలిచేటప్పుడు దానితో పాటు మంచి అండాశయపు పొర కూడా కొంత ఊడి వస్తుంది, అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ పడిపోతుంది, రెండువైపులా చేస్తే మరీ పడిపోతుంది. సూదితో ద్రవం లాగేసి ఊరుకుంటే ఆ సిస్టు మళ్ళీ నిండుతుంది. అన్నిటికంటే, ఆపరేషన్ తర్వాత హార్మోన్ మాత్రలు వాడకపోతే ఐదేళ్ళలో వందకు నలభై యాభై మందిలో జబ్బు తిరగబెడుతుంది. కనుక వెంటనే గర్భం కోరుకోనివారికి కత్తి పడ్డాక కూడా మాత్రలు తప్పవు. మాత్రలు తప్పించుకోవడానికి ఆపరేషన్ అడిగేవారికి ఈ మాట నేను ముందే చెబుతాను. రెండోసారి కోయడం మొదటిసారి కంటే కష్టం కనుక, ఆ ఒక్కసారిని ఏ వయసులో వాడుకోవాలన్నదే నాకు అసలు ప్రశ్న.

పిల్లల కోసం వచ్చినవారి విషయంలో తూకం మారిపోతుంది. అండం విడుదలను ఆపే మాత్రలు గర్భం రావడానికి ఏమాత్రం సాయపడవు. తక్కువ దశ జబ్బు అయితే లాప్రోస్కోపీ వల్ల సహజంగా గర్భం వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. వయసు ముప్పైఐదు దాటి, ఏఎంహెచ్ తక్కువగా ఉంటే నేరుగా ఐవీఎఫ్‌కు, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి, వెళ్ళడమే మేలు. ఐవీఎఫ్‌కు ముందు చాక్లెట్ సిస్టును తీసేయడం వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువు లేదు.

పోలిక పనికిరాని సందర్భం కూడా ఒకటుంది. లోతు మచ్చ కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళాన్ని నొక్కితే, నొప్పి లేకుండానే ఆ పక్క కిడ్నీ చడీచప్పుడు లేకుండా పాడైపోవచ్చు. కిడ్నీ వాచినట్టు స్కాన్‌లో కనబడితే, మాత్రలతో చూద్దామనుకునే వ్యవధి ఉండదు.

ఆ నెల్లూరు అమ్మాయికి సిస్టు ఒకవైపే, నాలుగు సెంటీమీటర్లు. కిడ్నీలు బాగున్నాయి, ఏఎంహెచ్ వయసుకు తగినట్టే ఉంది, పెళ్ళి ఇంకా మాటల్లోనే ఉంది. మాత్ర మొదలుపెట్టి, నొప్పి ఉన్న రోజుల్ని ఎర్ర పెన్సిలుతో, రక్తం కనబడిన రోజుల్ని నీలం పెన్సిలుతో ఇంట్లోని తెలుగు క్యాలెండర్ మీద గుర్తు పెట్టమన్నాను. మూడు నెలల తర్వాత ఆమె ఆ కాగితాలు చింపి తెచ్చింది: మొదటి నెలలో ఎర్ర గుర్తులు తొమ్మిది, మూడో నెలలో రెండు, నీలం గుర్తులు మాత్రం అంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి. సెలవు పెట్టకుండా ఆఫీసుకు వెళ్తున్నానని, చుక్కలను ఓర్చుకోగలనని అమ్మాయే చెప్పింది. మాత్ర కొనసాగించమని రాసి, ఆరో నెలలో మళ్ళీ స్కాన్ పెట్టాను.