గాయకుల గొంతుకు స్ట్రోబోస్కోపీ: డబ్బు దండగ కాదు

బొంగురు మూడు వారాలు దాటిందంటే మిరియాల పాలు పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాల్సిందే. పాడుతుండగా గొంతు ఉన్నట్టుండి పోతే ఆ రోజే వెళ్లాలి, అప్పటిదాకా మౌనం.

మామూలు ఎండోస్కోపీలో స్వరతంత్రుల ఆకారం తెలుస్తుంది. స్ట్రోబోస్కోపీలో, అంటే వేగంగా మిణుకుమిణుకుమనే స్ట్రోబ్ వెలుగులో చూస్తే, వాటి మీద కదిలే అల కూడా కనిపిస్తుంది. తిత్తి (సిస్ట్) ఉన్నచోట ఆ అల తగ్గుతుంది, లేదా ఆగుతుంది. నాడ్యూల్స్ (తంత్రుల మీద వచ్చే చిన్న బుడిపెలు) సాధారణంగా రెండు వైపులా ఎదురెదురుగా ఉంటాయి. నోట్లో పెట్టే గొట్టంతో చిత్రం స్పష్టమే గానీ, నాలుక పట్టుకుంటారు కాబట్టి "ఈ" అనడం తప్ప పాట కుదరదు. ముక్కులోంచి వేసేది అడగండి, తారస్థాయి షడ్జం పాడి చూపించవచ్చు. వీడియో కాపీ తీసుకోండి. పరీక్షకు ముందు కొట్టే మత్తు స్ప్రే తిమ్మిరి పోయేదాకా మంచినీళ్లు కూడా వద్దు.

నాడ్యూల్స్‌కు వాయిస్ థెరపీ (గొంతు వాడే తీరు సరిదిద్దే శిక్షణ) మాటెత్తకుండా నేరుగా ఆపరేషన్ అనే క్లినిక్‌కు మార్కులు సున్నా. తంత్రులు చూడకుండా కచేరీ కోసం స్టెరాయిడ్ ఇచ్చేవాళ్లకూ అంతే.