ఫాలున్ రాగి గని: లోపలికి దిగితే సరిపోదు, ఊరంతా నడవాలి

స్వీడన్‌లోని ఫాలున్‌లో గని టూరు గంటసేపు ఉంటుంది. మా బ్యాచ్‌లో సగం మంది అది అవ్వగానే ఫొటోలు దిగి వెళ్లిపోయారు. నేను మాత్రం రోజున్నర ఉండి మొత్తం కాలినడకనే చూశాను. అక్కడికి వెళ్లాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఒకటే, గని కోసం ఎంత టైమ్ పెట్టుకుంటారో ఊరి కోసం కనీసం అంతకు రెట్టింపు పెట్టుకోండి.

ముందు ఆ పెద్ద గొయ్యి దగ్గరికి వెళ్లండి. దాదాపు వంద మీటర్ల లోతు, మూడు వందల మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. అది ఎవరో అంత పెద్దగా తవ్వింది కాదు, కూలిపోయింది. వందల ఏళ్ల పాటు ఎవరికి దొరికిన చోట వాళ్లు తవ్వుకుంటూ పోయేసరికి లోపల అన్నీ బోలు గదులే మిగిలాయి, వాటి మధ్య గోడలు ఆ బరువు మోయలేక 1687 జూన్ 25న ఒక్కసారిగా కుప్పకూలాయి. ఆ రోజు వాళ్ల మిడ్‌సమ్మర్ పండగ, పనికి సెలవు, అందుకే ఒక్క ప్రాణం కూడా పోలేదు. అంచున నిలబడి కిందికి చూస్తూ ఈ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. చుట్టూ దారి ఉంది, తొందరపడకుండా మొత్తం తిరగండి, ఒక్కో వైపు నుంచి రాయి రంగు ఒక్కోలా కనిపిస్తుంది.

గని లోపల ఎండాకాలంలో కూడా ఐదారు డిగ్రీలే, స్వెటర్ తప్పనిసరి. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఆలోచించుకోండి. బాంబు మందు రాకముందు రాయికి ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవారు, ఆ వేడికి పగుళ్లిచ్చిన రాతిని కొట్టి తీసేవారు. 208 మీటర్ల లోతున్న క్రాయిట్స్ షాఫ్ట్, అంటే నిలువుగా దిగే బావి లాంటి దారి, కూడా చూపిస్తారు. 1677లో కనిపించకుండా పోయిన మాట్స్ అనే కార్మికుడి కథ కూడా ఇక్కడిదే. 1719లో శవం దొరికితే, గని నీళ్లలో మైలుతుత్తం లాంటి లవణాలు ఉండటం వల్ల చెక్కు చెదరలేదట. 42 ఏళ్లయినా అతన్ని గుర్తుపట్టింది ఒకప్పుడు పెళ్లి చేసుకోవాల్సిన మార్గరెటా, అప్పటికి ఆమె ముసలిదైపోయింది, అతను మాత్రం కుర్రాడిగానే ఉన్నాడు. ఇది విన్నాక కాసేపు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు నాకు.

ఇక ఊరు. ఎల్స్‌బోర్గ్ అనే పాత కార్మికుల పేట గని పక్కనే ఉంది. సన్నటి సందులు, చిన్న చిన్న చెక్క ఇళ్లు, అన్నీ ముదురు ఎరుపు. ఆ ఎరుపు ఈ గని వ్యర్థంలోంచి వచ్చిందే, అందులోని ఇనుప ఆక్సైడ్‌ని నీళ్లు, పిండి, అవిసె నూనెతో ఉడికించి చేస్తారు. గోడ మీద వేలు రాస్తే పొడి పొడిగా ఎర్రగా అంటుకుంది. ఇళ్ల పునాదుల్లో నల్లగా, అక్కడక్కడా గాజులా మెరిసే దిమ్మెలు కనిపిస్తే వంగి చూడండి, అది రాగి కరిగించాక మిగిలిన చిట్టెం. పారేయాల్సిన దాన్ని దిమ్మెలుగా పోసి గోడలు కట్టుకున్నారు. పదిహేడో శతాబ్దంలో యూరప్ రాగిలో సగానికి పైగా ఇక్కడి నుంచే వెళ్లేది, ఆ డబ్బుతో స్వీడన్ యుద్ధాలు చేసింది, కానీ రోజూ గంధకం పొగ పీల్చిన వాళ్లు బతికింది ఈ ఇళ్లలోనే. 1734లో వచ్చిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చోటుని నరకంతో పోల్చాడంటే ఆ పొగ ఎలా ఉండేదో ఊహించుకోండి.

నేను డబ్బు పెట్టి కొన్న ఒక ఆడియో గైడు యాప్ మాత్రం దండగ. పేటలోకి రాగానే దారి తప్పించింది, ఇంటి ముందు నిలబెట్టి గొయ్యి గురించి చెప్పింది. దాన్ని తీసేసి గని దగ్గరున్న మ్యూజియంలో చూసిన పాత ఊరి నమూనాని గుర్తు పెట్టుకుని తిరిగితేనే బాగా అర్థమైంది. అందుకే మ్యూజియం ముందు, పేట తర్వాత.

గని 1992 డిసెంబరులో మూతపడింది, 2001లో యునెస్కో జాబితాలోకి వెళ్లింది. కానీ ఎల్స్‌బోర్గ్ మ్యూజియం కాదు, అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు, కిటికీల్లోకి తొంగి చూడకండి. సాయంత్రం ఎండ వాలేటప్పుడు వెళ్లండి, ఆ ఎరుపు అప్పుడే బాగుంటుంది.