ఫ్రీమాంటిల్ షిప్‌రెక్స్ మ్యూజియం: కథ తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే పాత చెక్కలే కనిపిస్తాయి

రేటింగ్ ముందే చెప్పేస్తా. బటావియా ఓడ కథ తెలిసి వెళ్తే ఐదుకి ఐదు, ఏమీ తెలియకుండా ఎండకి తట్టుకోలేక లోపలికి దూరితే మూడు. కథ తెలిసి వెళ్ళండి అనే ఈ రివ్యూ రాస్తున్నా, అందుకే కాస్త పొడుగవుతుంది.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మనవాళ్ళింటికి ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒకటే రూటు కదా, కింగ్స్ పార్క్, కాటెస్లో బీచ్, రాట్‌నెస్ట్ దీవిలో క్వొక్కా అనే బుల్లి జంతువుతో సెల్ఫీ, టైముంటే ఫ్రీమాంటిల్లో ఫిష్ అండ్ చిప్స్. ఆ చిప్స్ తినే చోటికి నాలుగడుగుల దూరంలోనే క్లిఫ్ స్ట్రీట్‌లో ఉంటుంది ఈ మ్యూజియం. 1850ల్లో ఖైదీల చేత కట్టించిన సున్నపురాయి గోడౌన్ అది, బయటి నుంచి చూస్తే ఏదో పాత గవర్నమెంటు ఆఫీసు అనుకుని దాటిపోతారు. ఇంకో సంగతి, ఫ్రీమాంటిల్లో మ్యూజియాలు రెండున్నాయి. విక్టోరియా కీ దగ్గర పెద్ద తెరచాపల్లా కనిపించేది మారిటైమ్ మ్యూజియం, సబ్‌మెరీన్ ఉన్నది అక్కడ, దానికి టికెట్ ఉంది. నేను చెప్పేది షిప్‌రెక్స్ మ్యూజియం గురించి. దీనికి టికెట్ లేదు, తోచినంత డొనేషన్ వేయడమే. మ్యాప్‌లో పేరు పూర్తిగా చూసుకుని మరీ బయల్దేరండి.

లోపల మెయిన్ అట్రాక్షన్ బటావియా అనే డచ్ ఓడ వెనక భాగం. మోడల్ కాదు, ఫొటో కాదు, అసలు ఓడే, దాదాపు 340 ఏళ్ళు సముద్రం అడుగున ఉండి పైకొచ్చిన ఓక్ చెక్క. హాల్లోకి అడుగుపెట్టగానే లైట్లు డిమ్ముగా ఉంటాయి, చెక్క పాడవకుండా అలా పెడతారు, కళ్ళు అలవాటు పడేదాకా ఆగండి. తర్వాత దగ్గరికెళ్ళి చూడండి. ఒక పలక మీద ఇంకో పలక, రెండు వరసల ఓక్, దాని మీద మళ్ళీ పైన్ చెక్క తొడుగు. చెక్క తొలిచే పురుగులు లోపలి దాకా రాకూడదని ఆ పై తొడుగు, దాంట్లో ఇనప మేకులు దగ్గర దగ్గరగా దిగ్గొట్టారు. నీళ్ళల్లోంచి తీసిన చెక్కని ఊరికే ఆరబెడితే ముడుచుకుని పగిలిపోతుందట, అందుకని పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని ఏళ్ళ తరబడి పట్టించారు. నల్లగా, కొంచెం నిగనిగలాడుతూ కనిపించేది అందుకే.

సరే, కథలోకి వద్దాం. డచ్ ఈస్టిండియా కంపెనీ, వీఓసీ అంటారు, 1628లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కట్టించిన కొత్త ఓడ ఇది. అక్టోబరు చివర్లో నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ నుంచి బయల్దేరింది, వెళ్ళాల్సింది జావాలోని బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి. ఓడలో సుమారు 340 మంది, సైనికులు, నావికులు, కొంతమంది ఆడవాళ్ళు, పిల్లలు, ఇంకా పన్నెండు పెట్టెల వెండి నాణేలు. పెద్దాఫీసరు ఫ్రాన్సిస్కో పెల్సార్ట్. ఈ పెల్సార్ట్ మనకి కొత్తవాడేం కాదండోయ్. ఓడ ఎక్కకముందు ఏడేళ్ళు ఆగ్రాలో కంపెనీ వ్యాపారం చూశాడు, జహంగీర్ కాలపు హిందుస్థాన్ గురించి పెద్ద రిపోర్టే రాశాడు. 1620లో మొదటిసారి ఇండియాకి పోస్టింగ్ వచ్చినప్పుడు మచిలీపట్నం నుంచే నేల దారిన సూరత్ వెళ్ళాడు. డచ్చివాళ్ళకి 1605 నుంచీ బందరే అడ్డా కదా, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయక్కడ. మాది బందరు పక్క ఊరే కాబట్టి ఆ పేరు తగిలేసరికి నాకు మాత్రం ఇదంతా ఎక్కడో పరాయి దేశం కథలా అనిపించలేదు.

మ్యూజియంలో వెండి సామాన్లు చూస్తే వీటిని ఓడలో ఎందుకు మోసుకెళ్ళారబ్బా అనిపిస్తుంది. అవి మొఘల్ దర్బారులో అమ్ముదామని పెల్సార్ట్ ప్రత్యేకంగా చేయించినవి. తీరా చూస్తే ఓడ బయల్దేరడానికి ముందే, 1627లోనే జహంగీర్ పోయాడు.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఆ రోజుల్లో సూర్యుణ్ణి కొలిచి ఉత్తర దక్షిణాలు ఎంత దూరంలో ఉన్నామో చెప్పగలిగేవాళ్ళు గానీ తూర్పు పడమరలు మాత్రం అంతా అంచనానే. ఆఫ్రికా కొస దాటాక దక్షిణాన బలమైన పడమటి గాలుల్ని పట్టుకుని తూర్పుకి దూసుకెళ్ళి, ఒక చోట ఎడమకి తిరిగి జావా వైపు పోవాలి, ఆ తిరగడం లేటయిందా ఆస్ట్రేలియా ఒడ్డున ఉన్న దిబ్బలకి గుద్దుకోవడమే. 1629 జూన్ 4, ఇంకా తెల్లారలేదు. దూరంగా తెల్లగా నురగ కనిపిస్తోందని కాపలావాడు చెప్తే స్కిప్పర్ ఆరియన్ యాకబ్స్ అది నీళ్ళ మీద వెన్నెల అన్నాడు. కాసేపటికే ఓడ ఆస్ట్రేలియా పడమటి ఒడ్డుకి అవతలున్న ఏబ్రోల్హోస్ దీవుల దగ్గర పగడపు దిబ్బ ఎక్కేసింది.

మునిగినప్పుడు పోయింది దాదాపు నలభై మంది. మిగతావాళ్ళు పక్కనున్న చిన్న దిబ్బల మీదికి చేరారు, చెట్టూ చేమా లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు. పెల్సార్ట్, స్కిప్పర్ ఇద్దరూ కలిసి నీళ్ళు వెతుకుతామని పెద్ద పడవ తీసుకుని బయల్దేరి, చివరికి నలభై ఎనిమిది మందితో నేరుగా జావాకి పోయారు. ముప్పై మూడు రోజులు తెరిచిన పడవలో, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక చంటిబిడ్డ, ఒక్కరు కూడా చావలేదు. నావికుడి పనితనం లెక్కన చూస్తే దండం పెట్టాలి. వెనక రెండొందల పైచిలుకు జనాన్ని వదిలేసి వచ్చారన్న లెక్కన చూస్తే మాత్రం నోరు పెగలదు.

ఇక విలన్. యెరోనిమస్ కార్నెలిస్, హార్లెంలో మందుల కొట్టు నడుపుకునేవాడు, దివాలా తీసి కంపెనీలో చేరాడు, పెల్సార్ట్ కింద రెండో ఆఫీసరు. నిజానికి ఓడ మునగకముందే ఇతనూ స్కిప్పరూ కలిసి తిరుగుబాటు చేసి ఓడని లాక్కుని సముద్రపు దోపిడీకి దిగుదామని ప్లాన్ వేశారని తర్వాత విచారణలో తేలింది. ఓడ మునిగాక పెల్సార్ట్ లేడు కాబట్టి దీవిలో పెద్ద ర్యాంకు ఇతనిదే అయింది. మొదట ఆయుధాలు, పడవలు, తిండి అన్నీ తన చేతిలోకి తెచ్చుకున్నాడు, తర్వాత తలా కొంత మందిని వేరే దిబ్బలకి పంపాడు, అక్కడ నీళ్ళున్నాయి వెతకండి అని. ఆ తర్వాత చంపడం మొదలైంది. మొదట గుట్టుగా పడవలో తీసుకెళ్ళి ముంచడం, ఆ పైన రాత్రిళ్ళు జబ్బు పడ్డవాళ్ళ గొంతులు కోయడం, చివరికి పట్టపగలే. రెండు నెలల్లో వంద మందికి పైగా, ఆడవాళ్ళు, పసిపిల్లలు కూడా. ఓడలో వచ్చిన పాస్టర్ గారి భార్యని, ఆరుగురు పిల్లల్ని ఒకే రాత్రి చంపేశారు, ఆ టైములో ఆయన్నీ పెద్దమ్మాయినీ కార్నెలిస్ తన గుడారంలో భోజనానికి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ఇంత చేసి తన చేత్తో ఒక్కర్నీ చంపలేదు, ఒక బిడ్డకి విషం పెట్టాడు గానీ అది పారలేదు, ఆ పని కూడా వేరేవాళ్ళ చేతే పూర్తి చేయించాడు. తన మనుషులకి ఓడలో దొరికిన ఎర్ర గుడ్డతో, బంగారు జరీతో యూనిఫాంలు కుట్టించాడట. తాగడానికి చుక్క నీళ్ళు లేని దిబ్బ మీద జరీ అంచు కోట్లు. పైరేట్లు అంటే మనకి నల్లజెండా, ఒంటికన్ను, చిలక గుర్తొస్తాయి, వీళ్ళలో చాలామంది నెల జీతం తీసుకునే కంపెనీ ఉద్యోగులే.

నాకు ఈ మొత్తంలో నచ్చినవాడు వీబ్ హేయిస్ అనే మామూలు సైనికుడు. అతన్నీ ఓ ఇరవై మందినీ ఎలాగూ దాహంతో చస్తారులే అని వెస్ట్ వాలబీ దీవికి పంపించి ఆయుధాలు కూడా లాగేసుకున్నారు. అక్కడ నిజంగానే నీళ్ళు దొరికాయి, తినడానికి వాలబీలు అనే చిన్న కంగారూలు కూడా. ముందే అనుకున్న ప్రకారం పొగ పెట్టి సిగ్నల్ ఇచ్చారు, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. తర్వాత కొందరు తప్పించుకుని చెక్కల మీద తేలుకుంటూ వచ్చి జరుగుతున్నది చెప్పేసరికి, రాళ్ళు పేర్చి గోడ కట్టుకున్నారు, కర్రలకి మేకులు దిగ్గొట్టి ఆయుధాలు చేసుకున్నారు. ఆ రాళ్ళ గోడ ఇప్పటికీ ఉంది, ఆస్ట్రేలియాలో యూరోపియన్లు కట్టిన మొదటి కట్టడం అదేనంటారు, ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ రావడానికి 140 ఏళ్ళ ముందు. మాట్లాడి బుట్టలో వేసుకుందామని వచ్చిన కార్నెలిస్‌నే పట్టుకుని కట్టేశాడు హేయిస్. సెప్టెంబరు 17న తిరుగుబాటుదార్లు తుపాకులతో మీద పడి కాలుస్తున్న టైములోనే సార్డమ్ అనే ఓడలో పెల్సార్ట్ తిరిగొచ్చాడు. ఇక రేసు, ఎవరి పడవ ఓడ దగ్గరికి ముందు చేరితే వాళ్ళ కథే నమ్ముతారు. హేయిస్ ముందు చేరాడు. సినిమాలో పెడితే ఓవర్ అంటాం.

విచారణ అక్కడే జరిపి అక్టోబరు 2న కార్నెలిస్‌నీ ఇంకొంతమందినీ ఉరి తీశారు, అతని చేతులు రెండూ ముందే నరికి. పెల్సార్ట్ అక్కడున్న రోజుల్లో ఇంకో పెద్ద పని వెండి పెట్టెలు తీయించడం, దానికి జావా నుంచి గుజరాతీ గజఈతగాళ్ళని వెంట తెచ్చుకున్నాడు, పన్నెండులో పది పైకొచ్చాయి. ఎంత లెక్క మనుషులంటే, కొట్టుకుపోయిన వెనిగర్ పీపా తీసుకురమ్మని సార్డమ్ స్కిప్పర్‌తో కలిపి ఐదుగుర్ని చిన్న పడవలో పంపారు, వాళ్ళు మళ్ళీ కనపడలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. మనకి ఈ కథ తెలిసిందే ఎక్కువగా పెల్సార్ట్ రాసిన జర్నల్ వల్ల. ఆ పెద్దమనిషి జనాన్ని వదిలేసి వెళ్ళినవాడు, కంపెనీకి సంజాయిషీ ఇచ్చుకోవాల్సినవాడు, ఓడలో స్కిప్పర్‌తో పడకపోయినా సర్దుబాటు చేయలేకపోయినవాడు. కార్నెలిస్ ఎంత రాక్షసుడైతే పెల్సార్ట్ తప్పు అంత చిన్నదిగా కనిపిస్తుంది కదా. హత్యలు జరగలేదని కాదు, ఆ హత్యలు జరిగిన బీకన్ ఐలాండ్‌లో తవ్వకాల్లో ఎముకలు బయటపడ్డాయి, ఆ గాయాలే సాక్ష్యం. కాకపోతే గోడల మీద రాసినవి చదివేటప్పుడు ఎవరు ఎవరికి రాసుకున్న రికార్డు ఇది అనేది బుర్రలో పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. అంత కష్టపడినా పెల్సార్ట్‌ని కంపెనీ వదల్లేదు, తర్వాతి ఏడాదే పోయాడు, స్కిప్పర్ జైల్లో మగ్గాడు, హేయిస్‌కి మాత్రం ప్రమోషన్ వచ్చింది.

హాల్లో ఓడ చెక్కలతో పాటు ఎత్తుగా ఒక రాతి ద్వారం కనిపిస్తుంది. బటావియా కోటకి గుమ్మంగా పెడదామని 137 రాళ్ళు చెక్కి, ఓడ బరువు కోసం అడుగున వేసి తీసుకెళ్ళారు. అన్నీ మునిగిపోయాయి, 1970ల్లో పైకి తీసి పేర్చి చూస్తే గుమ్మం తయారైంది. ఫ్రీమాంటిల్లో ఉన్నది కాపీ, అసలు రాళ్ళు పెర్త్‌కి ఉత్తరాన జెరాల్డ్‌టన్ ఊళ్ళో మ్యూజియంలో ఉన్నాయి. ఓడ దొరికింది కూడా 1963లో, అది కూడా లాబ్‌స్టర్ల వేటగాళ్ళు చెప్పిన గుర్తుల పుణ్యమే.

మిగతా గదులు త్వరగా చెప్పేస్తా. 1697లో డచ్ కెప్టెన్ వ్లామింగ్ ఆస్ట్రేలియా ఒడ్డున స్తంభానికి కొట్టిన తగరపు పళ్ళెం చూడాల్సిందే, అంతకుముందు 1616లో డర్క్ హార్టోగ్ పెట్టిన పళ్ళెంలో రాతని కూడా దానిలో ఎక్కించాడు. జాంతో అనే స్టీమర్ ఇంజను కూడా ఉంది, 1872లో మునిగింది, ఇంజనీరింగ్ చదివినవాళ్ళు దాని దగ్గరే అతుక్కుపోతారు. మా ఆవిడ నాణేల దగ్గర, మా బుడ్డోడు ఫిరంగి దగ్గర.

పిల్లల సంగతి అడుగుతారు కాబట్టి, పదేళ్ళ లోపువాళ్ళకి ఓడ, ఫిరంగి, నిధి వరకు చెప్పి ఆపండి, దీవిలో ఏం జరిగిందో వాళ్ళకి అక్కర్లేదు. పెద్దవాళ్ళతో వెళ్తే వాలంటీర్ గైడ్లు ఉంటారు, దొరికితే వదలొద్దు, అడిగిన కొద్దీ చెప్తారు. బటావియా హాలుకే గంట పెట్టుకోండి, మిగతాదంతా ఇంకో గంట. కార్లో వెళ్తే వీకెండ్ పార్కింగు తలనొప్పి, పెర్త్ నుంచి ట్రైనెక్కితే అరగంట, స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, పాత బిల్డింగుల మధ్య హాయిగా ఉంటుంది. చిప్స్ బయట తినేటట్టయితే సీగల్స్‌తో జాగ్రత్త, నా చేతిలోంచే లాక్కుపోయాయి.

కల్బారీ ట్రిప్పు వేసుకునేవాళ్ళకి ఇంకో మాట. కార్నెలిస్ ముఠాలో ఉరి తప్పిన ఇద్దరు కుర్రాళ్ళని, వౌటర్ లోస్, యాన్ పెల్‌గ్రోమ్, 1629 నవంబరులో మెయిన్‌ల్యాండ్ మీద దింపేసి వెళ్ళిపోయారు, అది కల్బారీ దగ్గర విటెకారా గల్లీ అని చాలామంది నమ్మకం. ఆస్ట్రేలియాలో ఉండిపోయిన మొదటి యూరోపియన్లుగా లెక్కలోకి వచ్చేది వీళ్ళే. వెళ్ళేదారిలో జెరాల్డ్‌టన్ తగులుతుంది, అసలు గుమ్మం అక్కడే ఉంది కాబట్టి రెండూ ఒకే ట్రిప్పులో పెట్టుకోండి, ముందు ఫ్రీమాంటిల్, తర్వాతే జెరాల్డ్‌టన్.